దండు వెళ్లిపోయాక ఊరు ఎవరిది?

(హైదరాబాద్‌లో ఒక సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

చిన్న బలగంతో తిరగబడిన వలస పాలనలోని ప్రజలు మహా సామ్రాజ్యాన్ని ఓడించడం ఎలా సాధ్యమవుతుంది అన్నది ఈ రోజు నేను మాట్లాడవలసిన విషయం. అమెరికాలో మొదలుపెట్టి దక్కనుకు వస్తాను. ఆ రెండింటినీ కలిపి చూడడానికి నాకొక బలమైన కారణం ఉంది. రెండు చోట్లా బ్రిటిష్ సేనాపతి ఒక్కడే.

1781 అక్టోబర్ 19న వర్జీనియాలోని యార్క్‌టౌన్ దగ్గర ఏడు వేల పైచిలుకు బ్రిటిష్, జర్మన్ సైనికులు ఆయుధాలు కింద పెట్టారు. వారి అధిపతి లార్డ్ కార్న్‌వాలిస్ ఒంట్లో బాగాలేదని చెప్పి బయటికి రాకుండా, తన కింది అధికారి ఓహారాను పంపించాడు. ఓహారా లొంగుబాటు కత్తిని ఫ్రెంచి సేనాని రోషాంబోకు ఇవ్వబోతే ఆయన అమెరికా సేనాని వాషింగ్టన్‌ను చూపించాడు, వాషింగ్టన్ తన కింది అధికారి బెంజమిన్ లింకన్‌ను చూపించాడు. అంతకు ఏడాదిన్నర కిందట చార్లెస్టన్‌లో దాదాపు ఐదు వేల మందితో బ్రిటిష్ వారికి లొంగిపోయిన సేనాని ఈ లింకనే.

కార్న్‌వాలిస్‌ను లండన్ శిక్షించలేదు. 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాకు పంపింది. 1792 ఫిబ్రవరిలో ఆయన శ్రీరంగపట్నం ముట్టడించి, మార్చిలో కుదిరిన సంధితో టిప్పు సుల్తాన్ రాజ్యంలో సగం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు, జామీనుగా ఇద్దరు కొడుకులను తీసుకున్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు సంఘటనలు వేరువేరు దేశాల చరిత్రల్లో ఉండడం వల్ల వీటిని పక్కపక్కన పెట్టి చూసే అలవాటు మనకు రాలేదు. సేనాపతి అదే, కవాతు అదే, తుపాకి అదే. మైసూరు సిపాయిలు అమెరికా రైతులకన్నా చేతకానివారని ఎవరూ అనలేరు. 1780 సెప్టెంబర్‌లో పొల్లిలూరు దగ్గర హైదర్, టిప్పుల సైన్యం ఈస్టిండియా కుంఫిణీ కల్నల్ బెయిలీ దళాన్ని పూర్తిగా తుడిచిపెట్టింది. మరి అక్కడ ఓడినవాడు ఇక్కడ ఎలా గెలిచాడు?

నా ఉద్దేశంలో జవాబు యుద్ధభూమికి కాస్త దూరంలో ఉంది. సామ్రాజ్యం ఎంత పెద్దదైనా దాని దండు ఒక దేశంలో నడవాలంటే ఆ దేశపు గింజ, గడ్డి, ఎడ్లు, బండ్లు, కబుర్లు కావాలి. దండు ముందుకు కదిలిపోయాక కూడా వెనక ఊళ్లో దాని మాట చెల్లాలి. ఈ రెండూ సామ్రాజ్యానికి దక్కకుండా చేసి, దానికి తన సొంత ఇంట్లోనే ఈ ఖర్చు ఎందుకన్న తగవు పుట్టేదాకా చెదిరిపోకుండా నిలబడగలిగినవారు గెలుస్తారు. చరిత్రలో యుద్ధాలు గెలిచి స్వాతంత్ర్యం తెచ్చుకున్నవారికన్నా ఇలా నిలబడి తెచ్చుకున్నవారే ఎక్కువ.

అమెరికా సంగతి చూద్దాం. అప్పటి బ్రిటన్ జనాభా దాదాపు 80 లక్షలు. 13 వలస రాష్ట్రాల జనాభా 25 లక్షలు. అందులో సుమారు 5 లక్షల మంది బానిసలు. 1763లో ఫ్రాన్సును ఓడించి ప్రపంచంలో తిరుగులేని నౌకాబలంగా నిలిచిన బ్రిటన్ 1776 వేసవిలో ఒక్క న్యూయార్క్ రేవుకే 32 వేల మంది సైనికులను దించింది. యుద్ధం ముగిసేలోగా 30 వేల మంది జర్మన్లను కూడా కిరాయికి తెచ్చుకుంది. తిరగబడినవారికి చెప్పుకోదగ్గ నౌకాదళం లేదు, ఖజానా లేదు, తుపాకి మందు కూడా చాలవరకు బయటి నుంచి రావలసిందే. వారు అచ్చువేసిన కాగితపు డబ్బు యుద్ధం ముగియకముందే చిత్తు కాగితంతో సమానమైంది. జార్జ్ వాషింగ్టన్ గొప్ప నాయకుడే కాని, గెలిచిన యుద్ధాలకన్నా ఓడిన యుద్ధాలే ఎక్కువ.

అయితే తుపాకి పేలడానికి ముందే ఒక ముఖ్యమైన పని జరిగిపోయింది. బోస్టన్ రేవులో ఈస్టిండియా కుంఫిణీ టీ పెట్టెలను 1773 డిసెంబర్ 16న సముద్రంలో పారబోసిన సంగతి అందరికీ తెలుసు. దానికి శిక్షగా 1774లో పార్లమెంటు మసాచుసెట్స్ పాలనా పద్ధతినే మార్చి, ఊరి సభలను కట్టడి చేసి, న్యాయాధికారులను రాజు మనుషులుగా చేసింది. దానికి ప్రజలు ఇచ్చిన జవాబు టీ పారబోతకన్నా చాలా పెద్దది, కాని చాలా తక్కువమందికి తెలిసినది. 1774 సెప్టెంబర్ 6న వూస్టర్ అనే పట్నంలో కోర్టు తెరవవలసిన రోజున చుట్టుపక్కల ఊళ్ల నుంచి 4,622 మంది వచ్చి వీధికి రెండు పక్కలా, ఏ ఊరివారు ఆ ఊరి వరుసలో నిలబడ్డారు. న్యాయాధికారులు, కోర్టు ఉద్యోగులు టోపీలు చేతపట్టుకుని ఆ వరుసల మధ్య నడుస్తూ, కొత్త చట్టం కింద ఉద్యోగం చేయబోమని వెనక ఉన్నవారికి కూడా వినబడేలా మళ్లీ మళ్లీ చదివి వినిపించవలసి వచ్చింది. ఒక్క తూటా పేలలేదు. ఆ నెలల్లోనే బోస్టన్ నగరం వెలుపల మసాచుసెట్స్‌లో రాజు పాలన అంటూ మిగలలేదు. లెక్సింగ్టన్‌లో తొలి కాల్పులు జరిగింది ఆ తరువాత ఏడు నెలలకు, 1775 ఏప్రిల్ 19న.

కాబట్టి ఆ యుద్ధాన్ని బ్రిటన్ తన పాలన కిందనున్న దేశంలో అల్లరి అణచడానికి చేసిన యుద్ధంగా చూస్తే విషయం అర్థం కాదు. అప్పటికే చేజారిన దేశాన్ని ఊరూరా తిరిగి జయించడానికి చేసిన యుద్ధం అది. సరుకుల బహిష్కారాన్ని అమలు చేయడానికని 1774 చివరలో ప్రతి పట్నంలో, ప్రతి కౌంటీలో ఎన్నికైన సంఘాలు క్రమంగా పన్ను, న్యాయం, సైనిక సమీకరణ అన్నీ చేతిలోకి తీసుకున్నాయి. బ్రిటిష్ దండు ఒక ఊరికి వచ్చినప్పుడు సంఘం మాయమయ్యేది. దండు వెళ్లగానే తిరిగి వచ్చి, దండుకు గింజలు అమ్మినదెవరో, కబురు మోసినదెవరో విచారించేది. ఇది అన్ని చోట్లా న్యాయంగా జరిగిందని నేను చెప్పను. రాజభక్తుల ఆస్తులు గుంజుకున్నారు, ఒంటికి తారు పూసి ఊరేగించారు. కాని ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్నకు జవాబు అక్కడ స్పష్టంగా ఉండేది.

ఇంత ఉన్నా తిరుగుబాటు 1776 డిసెంబర్‌లో చావు అంచుదాకా వెళ్లింది. ఆగస్టులో లాంగ్ ఐలండ్ దగ్గర ఓటమి, ఆ తరువాత న్యూయార్క్ పోవడం, న్యూజెర్సీ మీదుగా పరుగు లాంటి తిరోగమనం. వాషింగ్టన్ దగ్గర మిగిలిన కొద్దివేల మందిలో చాలామందికి డిసెంబర్ 31తో కొలువు గడువు తీరిపోతుంది, తీరగానే ఇంటికి వెళ్లిపోతారు. క్రిస్మస్ రాత్రి ఆయన డెలావేర్ నది దాటడానికి మూడు దళాలను సిద్ధం చేస్తే, మంచు గడ్డల వల్ల రెండు దళాలు అనుకున్నట్టు దాటలేకపోయాయి. ఆయన వెంట ఉన్న 2,400 మంది మాత్రం, ఇనుప ఖనిజం మోసే పొడవాటి పడవల్లో, మార్బుల్‌హెడ్ ఊరి జాలరులు తెడ్లు వేస్తుండగా, 18 ఫిరంగులతో సహా దాటారు. అర్ధరాత్రికి పూర్తి కావలసిన పని తెల్లవారుజామున మూడింటికి ముగిసింది. వడగళ్లు కొడుతుండగా, జర్మన్ దళం మకాం వేసిన ట్రెంటన్ దాకా తొమ్మిది మైళ్ల నడక. దారిలో ఇద్దరు చలికి గడ్డకట్టి చనిపోయారు. తుపాకులు తడిసి పేలేలా లేవని కబురు వస్తే బాయొనెట్లు వాడమని వాషింగ్టన్ జవాబు పంపించాడు. ఉదయం ఎనిమిదింటికి మొదలైన పోరు గంటన్నరలో ముగిసి, దాదాపు 900 మంది జర్మన్ సైనికులు పట్టుబడ్డారు.

సైనికంగా అది చిన్న విజయం. దాని అసలు ఫలితం నాలుగు రోజుల తరువాత కనిపించింది. గడువు తీరుతున్న దళాన్ని వరుసలో నిలబెట్టి, ఇంకో ఆరు వారాలు ఉంటే మనిషికి పది డాలర్లు ఇస్తానని వాషింగ్టన్ అడిగితే, మొదటి పిలుపుకు ఒక్కరూ ముందుకు రాలేదు. రెండోసారి మాట్లాడినప్పుడు ఒక్కొక్కరే అడుగు ముందుకు వేశారు. సైన్యం నిలిచింది. ఆ తరువాత ఏడేళ్ల పాటు వాషింగ్టన్ సాధించినదల్లా ప్రధానంగా ఇదే: సైన్యమంటూ ఒకటి లేకుండా పోయే పరిస్థితిని రానీయలేదు. రాజధాని ఫిలడెల్ఫియాను 1777 సెప్టెంబర్‌లో బ్రిటిష్ వారు పట్టుకుంటే తిరుగుబాటు రాష్ట్రాల సభ అయిన కాంగ్రెస్ పక్క పట్నాలకు తరలిపోయి పని కొనసాగించింది. ఐరోపాలో రాజధాని పోతే రాజ్యం పోయినట్టే. అమెరికాలో పట్టుకుంటే అంతా లొంగిపోయే తలకాయ లాంటి చోటు ఏదీ లేదు.

గడ్డి సంగతి ఇప్పుడు చెబుతాను. నాకు ఇందులో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే. మూడు వేల మైళ్ల సముద్రానికి ఆవల ఉన్న సైన్యానికి బియ్యం బదులు పిండి, ఉప్పు మాంసం, చివరికి గుర్రాలకు దాణా కూడా ఐర్లండ్ నుంచి, ఇంగ్లండ్ నుంచి ఓడల్లో రావలసి వచ్చింది. 1777 చలికాలమంతా న్యూజెర్సీలో గడ్డికోసం బయలుదేరిన ప్రతి బ్రిటిష్ దళం మీదా పొలాల్లో, గోడల వెనక నుంచి కాల్పులు జరిగాయి. గడ్డి మోపు తేవడానికి వందల మందిని కాపలా పంపవలసి వచ్చింది. ఆకలితో ఉన్న సైనికులు స్నేహితుడని, శత్రువని చూడకుండా ఇళ్లు దోచుకున్నారు, దానితో అంతదాకా ఎటూ తేల్చుకోని కుటుంబాలు తిరుగుబాటు వైపు మొగ్గాయి. అదే ఏడాది కెనడా నుంచి అడవుల గుండా దిగివస్తున్న జనరల్ బర్గాయిన్ గుర్రాలు, ధాన్యం తెమ్మని ఒక దళాన్ని పంపితే ఆగస్టు 16న బెన్నింగ్టన్ దగ్గర దాదాపు 900 మందిని పోగొట్టుకున్నాడు. ఆ దెబ్బ నుంచి ఆయన తేరుకోలేదు. అక్టోబర్ 17న సరటోగాలో దాదాపు ఆరు వేల మందితో లొంగిపోయాడు.

సరటోగా వార్త ఫ్రాన్సును బహిరంగంగా రంగంలోకి దింపింది. అంతకుముందు కూడా ఒక బూటకపు వ్యాపార సంస్థ పేరున ఫ్రాన్సు తుపాకులు, మందు పంపిస్తూనే ఉంది. 1778 ఫిబ్రవరి 6న ఒడంబడిక మీద సంతకాలు చేసింది. మరుసటి ఏడాది స్పెయిన్ ఫ్రాన్సుతో చేరింది. ఒక్కసారిగా బ్రిటన్ జిబ్రాల్టర్‌ను, జమైకాను, మద్రాసును, సొంత తీరాన్ని కాపాడుకోవలసి వచ్చింది. చక్కెర పండే కరీబియన్ దీవుల విలువ ముందు 13 రాష్ట్రాలు వెనకబడ్డాయి. ఫిలడెల్ఫియాను ఖాళీ చేసి, 5 వేల మందిని సెయింట్ లూసియా దీవికి తరలించారు. తిరుగుబాటుదారుల సొంత శౌర్యాన్ని ఎంత పొగిడినా, ఈ బయటి సాయం లేకపోతే యార్క్‌టౌన్ లేదు అని నిక్కచ్చిగా చెప్పాలి.

ఈ యుద్ధం మన సముద్రం దాకా వచ్చింది. పొల్లిలూరు పోరు, కుంఫిణీతో హైదర్ అలీ యుద్ధం, 1782లో బంగాళాఖాతంలోకి వచ్చిన ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్ పోరాటాలు, కడలూరు ముట్టడి, ఇవన్నీ అదే ప్రపంచ యుద్ధపు దక్షిణ భారత భాగాలు. ఐరోపాలో సంధి కుదిరిందన్న వార్త వచ్చాకనే 1783లో కడలూరు దగ్గర కాల్పులు ఆగాయి. హైదర్ పేరు అమెరికాలో ఎంతగా వినబడిందంటే, పెన్సిల్వేనియా వారు తమ యుద్ధనౌక ఒకదానికి ‘హైదర్ అలీ’ అని పేరు పెట్టుకున్నారు. 1782 ఏప్రిల్ 8న డెలావేర్ అఖాతంలో ఆ ఓడ తనకన్నా బలమైన బ్రిటిష్ ఓడను పట్టుకుంది. ఎదుటి సామ్రాజ్యం ఒక్కటేనని రెండు ఖండాల వారికీ తెలిసిన కాలం అది.

ఇక కార్న్‌వాలిస్. 1780లో దక్షిణ రాష్ట్రాల్లో ఆయన వరసగా గెలిచాడు. ఆయనకు ఎదురునిలిచిన నథానియెల్ గ్రీన్ ఒక్క పెద్ద యుద్ధం కూడా గెలవలేదు. ‘పోరాడతాం, దెబ్బ తింటాం, లేస్తాం, మళ్లీ పోరాడతాం’ అని ఆయనే ఒక లేఖలో రాసుకున్నాడు. 1781 జనవరిలో గ్రీన్‌ను వేగంగా తరమడానికి కార్న్‌వాలిస్ తన సామాను బండ్లను, గుడారాలను తానే తగలబెట్టించాడు. గ్రీన్ మాత్రం దారిలోని నదుల దగ్గర పడవలు ముందే సిద్ధం చేసుకుని, వెంటపడినవాడిని సరఫరాకు ఇంకా ఇంకా దూరం లాగాడు. మార్చి 15న గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ దగ్గర కార్న్‌వాలిస్ మైదానం గెలుచుకున్నాడు కాని, 1,900 మందిలో నాలుగో వంతుకు పైగా చచ్చారు లేదా గాయపడ్డారు. ఇంకొక్క ఇలాంటి విజయం వస్తే మన సైన్యం నాశనమవుతుందని ప్రతిపక్ష నాయకుడు ఫాక్స్ లండన్ పార్లమెంటులో అన్నాడు. తిండికోసం తీరానికి, అక్కడి నుంచి వర్జీనియాకు వెళ్లిన కార్న్‌వాలిస్ యార్క్‌టౌన్‌లో సముద్రాన్ని నమ్ముకుని కూర్చున్నాడు. సెప్టెంబర్ 5న ఫ్రెంచి నౌకాదళం, 19 బ్రిటిష్ నౌకలకు ఎదురుగా 24 నౌకలతో నిలిచి, ఆ సముద్రాన్ని మూసేసింది.

యార్క్‌టౌన్ తరువాత కూడా న్యూయార్క్, చార్లెస్టన్, సవన్నా బ్రిటిష్ చేతుల్లోనే ఉన్నాయి. సైనికులూ ఉన్నారు, ఓడలూ ఉన్నాయి. తీరిపోయినది లండన్‌లోని ఓపిక. యుద్ధం ముగిసేసరికి జాతీయ రుణం దాదాపు రెట్టింపవుతోంది. 1782 ఫిబ్రవరి 27న కామన్స్ సభ, అమెరికాలో ఇక దాడి యుద్ధం వద్దని, కేవలం 19 ఓట్ల తేడాతో తీర్మానించింది. మార్చిలో ప్రధాని లార్డ్ నార్త్ దిగిపోయాడు. యుద్ధమంతటికీ తీర్పు చెప్పినది ఆ 19 ఓట్లే అంటాను. ఏడేళ్ల పాటు పొలాల్లో, నదుల దగ్గర జరిగిన పనంతా ఆ ఓట్ల కోసమే జరిగినట్టయింది.

ఈ విజయం అందరిదీ కాదని కూడా చెప్పాలి. 1775 నవంబర్‌లో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తన వైపు వచ్చి పోరాడితే విముక్తి ఇస్తానని ప్రకటించాడు. వేలాది మంది బానిసలు ప్రాణాలకు తెగించి బ్రిటిష్ వైపు పారిపోయారు. 1783లో న్యూయార్క్ నుంచి ఓడలెక్కిన దాదాపు మూడు వేల మంది నల్లజాతివారి పేర్లు ఒక చిట్టాలో నమోదయ్యాయి. వాషింగ్టన్ పొలం నుంచి పారిపోయినవారు కూడా అందులో ఉన్నారు. అమెరికా ఆదివాసులైన ఇరోక్వా ప్రజల పదుల గ్రామాలను 1779లో వాషింగ్టన్ ఆజ్ఞతోనే తగలబెట్టారు. 1783 పారిస్ సంధిలో వారి నేలను ఒక సామ్రాజ్యం ఇంకొక కొత్త రాజ్యానికి రాసిచ్చింది. ఆ బల్ల దగ్గర వారిలో ఒక్కరూ లేరు. సామ్రాజ్యాన్ని ఓడించే నేర్పు, న్యాయం ఎప్పుడూ ఒకే చోట ఉండవు.

ఇప్పుడు దక్కనుకు వద్దాం. 1791 మార్చిలో కార్న్‌వాలిస్ బెంగళూరు కోటను పట్టుకుని, మే నెలలో శ్రీరంగపట్నం దాకా వెళ్లాడు. అక్కడి పోరు గెలిచాడు కూడా. కాని టిప్పు దారి పొడవునా గడ్డిని, గింజను లేకుండా చేశాడు. వానలు మొదలయ్యాయి, ఎడ్లు వేల సంఖ్యలో చచ్చాయి. ముట్టడి ఫిరంగులను లాగే ఎడ్లు లేక, వాటిని తన చేతులతోనే పాడుచేయించి కార్న్‌వాలిస్ వెనక్కి తిరిగాడు. అమెరికాలో ఆయన బండ్లు కాల్చుకున్న సంగతి గుర్తుంది కదా, అక్షరాలా అదే స్థితి. ఇక్కడ కథ మారింది ఎందుకంటే, వెనక్కి వస్తున్న ఆకలి దండుకు మరాఠా సైన్యం ఎదురొచ్చింది, ఆ సైన్యం వెంట నిండుగా ధాన్యపు బజారు ఉంది. మరుసటి దాడికి బంజారాల ఎడ్ల బిడారులు వేల ఎడ్ల మీద బియ్యం, పప్పు మోసుకొచ్చి అమ్మాయి. మన తెలంగాణ పల్లెల్లో లంబాడీలుగా తెలిసిన ఈ జనం దక్కను దండులన్నిటికీ తరతరాలుగా ధాన్యం అందించినవారు. డబ్బిచ్చినవారికి అమ్మడం వారి వృత్తి, అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. నిజాం అలీ ఖాన్ సైన్యం కూడా కార్న్‌వాలిస్ పక్షానే ఉంది. ఫ్రాన్సు తన విప్లవంలో మునిగి ఉండి సాయం రాలేకపోయింది. టిప్పు వలస ప్రజ కాదు, స్వతంత్ర రాజు, కాబట్టి పోలిక ఒక మేరకే చెల్లుతుంది. కాని ఆ మేరకు మాత్రం చాలా కచ్చితంగా చెల్లుతుంది. అమెరికాలో కార్న్‌వాలిస్‌కు గడ్డిపరక పుట్టలేదు, ఇక్కడ ఇరుగుపొరుగు రాజ్యాలే బజారు నడిపాయి. దానికి బదులుగా నిజాముకు దక్కిన కడప మొదలైన సీమలు ఎనిమిదేళ్లకే, 1800లో, దత్త మండలాలుగా కుంఫిణీకే వెళ్లిపోయాయి.

1857లో మన నగరంలో జరిగినదాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి. జూలై 17, శుక్రవారం. బ్రిటిష్ దళం నుంచి తప్పించుకుని హైదరాబాద్‌కు వచ్చిన జమాదార్ చీదా ఖాన్‌ను, అతని తోటివారిని నిజాం దివాన్ సాలార్‌జంగ్ బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీకి అప్పగించాడు. వారిని విడిపించాలని తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, నగర ప్రజలు ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న కోఠి రెసిడెన్సీ మీదికి వెళ్లారు. ఎదురుగా ఉన్న రెండు ఇళ్లను ఆక్రమించి రాత్రంతా పోరాడారు. కాని రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు ముందే కబురు అందింది, ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేసరికి అంతా ముగిసింది. ధైర్యంలో వీరు వూస్టర్ రైతులకన్నా ఒక్క వీసం తక్కువ కాదు. వారికి లేనిది వెనక నిలిచే పాలన. అధికారం, ఖజానా, కబురు అన్నీ సాలార్‌జంగ్ దగ్గర ఉన్నాయి, ఆయన బ్రిటిష్ పక్షాన ఉన్నాడు. తుర్రెబాజ్ ఖాన్ 1859లో జైలు నుంచి తప్పించుకుని తూప్రాన్ దగ్గర కాల్పుల్లో చనిపోయాడు. మౌల్వీ అండమాన్‌లో శిక్ష అనుభవిస్తూనే కన్నుమూశాడు. 1860 ఒడంబడికలో నిజాముకు 50 లక్షల అప్పు మాఫీ అయింది, నల్‌దుర్గం, రాయచూరు సీమలు తిరిగి వచ్చాయి. సామ్రాజ్యం తనకు సాయపడినవారి లెక్కను రూపాయి కూడా వదలకుండా రాసి ఉంచుకుంటుంది.

20వ శతాబ్దపు ఉదాహరణలు చాలా ఉన్నాయి, వాటిని త్వరగా దాటుతాను. ఐర్లండ్‌లో 1918 ఎన్నికల్లో 105 స్థానాలకు 73 గెలిచిన స్వాతంత్ర్యవాద పార్టీ సిన్ ఫెయిన్ వారు లండన్ పార్లమెంటుకు వెళ్లకుండా డబ్లిన్‌లో తమ సభ తామే పెట్టుకుని, సొంత కోర్టులు నడిపారు; 1920లో రైల్వే కార్మికులు నెలల తరబడి బ్రిటిష్ ఆయుధాలను, ఆయుధాలతో ఉన్న సైనికులను ఎక్కించుకోలేదు. వియత్నాంలో 1954లో దియెన్ బియెన్ ఫూ లోయలో ఫ్రెంచి వారు విమానాల సరఫరాను నమ్ముకుని కూర్చుంటే, వేలాది మంది కూలీలు మనిషి బరువుకు మూడింతలు మోసే సైకిళ్లతో తిండి, మందుగుండు మోసుకొచ్చారు, కొండలెక్కించిన చైనా ఇచ్చిన ఫిరంగులు ఆ విమానాల రన్‌వేనే మూసేశాయి. 56 రోజుల్లో కోట పడిపోయింది. అల్జీరియాలో మాత్రం 1957లో రాజధానిలోని తిరుగుబాటు జాలాన్ని ఫ్రెంచి సైన్యం పూర్తిగా ఛేదించింది, అయినా ఐదేళ్లకు దేశం వదిలి వెళ్లిపోయింది, ఎందుకంటే ఆ యుద్ధం అప్పటికి ఫ్రాన్సులోనే ఒక ప్రభుత్వాన్ని, ఒక రాజ్యాంగాన్ని కూల్చింది.

చివరగా మన ఆంధ్ర ప్రాంతం గురించి. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్నుల నిరాకరణ జరిగింది. నా లెక్కలో అది వూస్టర్‌కు తోబుట్టువు. శిస్తు లెక్క రాసే కరణాలు, వసూలు చేసే మునసబులు రాజీనామా ఇచ్చారు. వారు లేకపోతే ఏ రైతుకు ఎంత భూమి, ఎంత బాకీ అన్నది కలెక్టరుకు తెలియదు. జప్తు చేసిన సామాన్లను మోసేవారు లేరు, వేలంలో పాడేవారు లేరు. శాంతిసేన పేరుతో వాలంటీర్లు ఊళ్లలో క్రమాన్ని తామే కాపాడారు. ప్రభుత్వం సైన్యాన్ని తెచ్చి తిప్పింది, ఉద్యోగాలు పోతాయని, భూములు పోతాయని బెదిరించింది. చౌరీచౌరా తరువాత 1922 ఫిబ్రవరి 12న గాంధీజీ ఉద్యమాన్ని దేశమంతా ఆపించారు, పెదనందిపాడు కూడా ఆగింది.

అదే ఏడాది ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి ఆయుధాలు తీసుకుంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని బిగించింది, రోడ్ల పనిలో అధికారులు వెట్టి చాకిరీ చేయించారు; కొండ జనమంతా రాజుకు తిండి పెట్టారు, కబురు ఇచ్చారు. సెప్టెంబర్ 24న దామనపల్లి కనుమలో ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. కూలికి పనిచేసే మనవాడిని చంపితే ఊరు దూరమవుతుందని తెలిసిన నాయకుడి పని అది. గాం గంటందొర, మల్లుదొర వంటి వారితో ఆ దళం దాదాపు రెండేళ్లు నిలబడింది. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు.

సీతారామరాజు పోరాడిన రంప మన్యంలో కొండ మాట చెల్లింది, కాని కొండకు బయట ఒక్క తాలూకా కూడా లేవలేదు. పెదనందిపాడులో మైదానం మాట చెల్లింది, కాని అప్పటికి కొండ ఇంకా కదలలేదు. రెంటి మధ్యా ఆరు నెలలే ఎడం. కరణాలు, మునసబులు పుస్తకాలు మూసి కూర్చున్న ఫిబ్రవరిలోనే చింతపల్లి స్టేషన్ పడి ఉంటే మద్రాసు ప్రభుత్వం బలగాలను గుంటూరు నుంచి కదిలించగలిగేదా అన్న ప్రశ్నను మన చరిత్రకారులు గట్టిగా వేసుకోవాలని నా కోరిక. జరిగింది మాత్రం వేరు. మైదానంలో శిస్తు మళ్లీ మామూలుగా వసూలవుతుండగా, ఆ ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసును, తరువాత అస్సాం రైఫిల్స్‌ను తీరికగా కొండల్లోకి తీసుకువచ్చింది.